పెరట్లో మడి - ఒంట్లో రక్తం

ఈ వ్యాసం చదవడం ఒక్క నిమిషం ఆపి ఒక పని చెయ్యండి. ఇంట్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ ఒక్కొక్కరినే వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, కింది కనురెప్పను వేలితో మెల్లగా కిందికి లాగి చూడండి. లోపలి పొర దానిమ్మగింజలా ఎర్రగా ఉంటే సంతోషమే. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ఆ మనిషికి రక్తం తక్కువైందని అనుమానించాలి. ఎర్రగా కనిపించినంత మాత్రాన సరిపడా రక్తం ఉందని భరోసా లేదు. ఆ సంగతి రక్తపరీక్షే తేల్చాలి.

"మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరున్నారండీ, రెండు పూటలా కడుపునిండా తింటున్నాం" అని మీరు అనవచ్చు. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 సంవత్సరాల వయసున్న స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికీ, తెలంగాణలో నూటికి 57.6 మందికీ రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి పైమాటే. వీళ్ళంతా తిండికి లేనివాళ్ళు కారు. గేటూ తులసికోటా ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు. కడుపు నిండడం వేరు, రక్తం పట్టడం వేరు.

మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేవగానే నీరసం, చీటికీ మాటికీ విసుగు, తలనొప్పి, జుట్టు రాలడం, పిల్లలకు చదువు మీద ధ్యాస నిలవకపోవడం - ఇవన్నీ రక్తహీనత లక్షణాలు కావచ్చు. పచ్చిబియ్యం నమలడం, బలపాలు, మట్టి, విభూది తినడం చెడ్డ అలవాటని పిల్లల్ని కొట్టే తల్లులున్నారు. చాలాసార్లు అది అలవాటు కాదు, ఒంట్లో ఇనుము తగ్గిందని శరీరం చెప్పే కబురు. గర్భిణికి రక్తం తక్కువైతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పులో కొద్దిగా రక్తం పోయినా తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతకూ దీనికీ మీ పెరటికీ సంబంధం ఏమిటి? చాలా ఉంది. ఆ సంబంధం కలుపుకోవడానికి సరైన అదను కూడా ఇదే.

ఆకులో ఏముంది?

రక్తానికి ఎర్రదనం ఇచ్చే పదార్థం హిమోగ్లోబిన్. మామూలు స్త్రీకి అది 12 గ్రాములకూ, గర్భిణికి 11 గ్రాములకూ తగ్గకూడదు. అది తయారు కావడానికి ఇనుము కావాలి. రక్తకణాలు పక్వానికి రావడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ రెండూ ఆకుకూరలలో ఉన్నాయి.

ఫోలిక్ యాసిడ్ అన్న పేరే ఆకు నుంచి వచ్చింది. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు దాన్ని పాలకూర నుంచి వేరుచేసి ఆ పేరు పెట్టారు. తరవాత 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లే పరిశోధక బృందానికి నాయకుడు మన తెలుగువాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుముతోపాటు ఉన్నది అదే.

100 గ్రాముల తోటకూరలో గానీ మునగాకులో గానీ సుమారు 4 నుంచి 5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వీటిలోని పచ్చదనం వెనకే విటమిన్ ఎ కి మూలమైన కెరొటిన్ కూడా ఉంటుంది. అది కళ్ళకు రక్ష. పిల్లలకు రేచీకటి రాకుండా చూస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి సుమారు 100 గ్రాముల ఆకుకూర తినమంటున్నది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు అరకిలో అన్నమాట. మనలో ఎందరిళ్ళలో అంత వండుతున్నారు? వారానికి రెండుసార్లు పప్పులో రెండు కట్టలు వేస్తే అదే గొప్ప.

ఇప్పుడే ఎందుకు?

రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసిన ఇంట్లో ఫాల్గుణం నాటికి ఆ పాదు ఎండుముఖం పడుతుంది. శీతకాలపు మడులు ఖాళీ అవుతాయి. ఎండలు ముదిరేకొద్దీ బజారులో ఆకుకూర ధర పెరుగుతుంది, కట్ట సన్నబడుతుంది. పొద్దున తెచ్చినది మధ్యాహ్నానికి వాడిపోతుంది. సరిగ్గా ఆ రోజులలోనే చాలా ఇళ్ళలో ఆకుకూర మానేసి పచ్చళ్ళతో, మజ్జిగతో వెళ్ళదీస్తారు. మాఘం చివర నుంచి ఫాల్గుణం వరకు విత్తనం వేసుకుంటే ఉగాది నాటికి మొదటి కోత చేతికి వస్తుంది. చైత్ర వైశాఖాలు గడిచిపోతాయి.

పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న మడులు మూడు చాలు. వెడల్పు అంతకు మించితే చెయ్యి అందక మడిలోకి దిగి తొక్కవలసి వస్తుంది. ఒక్కసారే మూడూ చల్లకండి. పది రోజులకొక మడి చల్లండి. ఒకటి కోతకు వచ్చేసరికి రెండోది ఎదుగుతుంటుంది, మూడోది మొలకలో ఉంటుంది. ఈ లెక్కన వారంలో మూడు నాలుగు పూటలకు సరిపడా ఆకు దొరుకుతుంది. మిగతాది బజారులో కొనుక్కోవచ్చు.

పెరడు లేనివాళ్ళకు డాబా ఉంది. పాత బకెట్లు, సిమెంటు సంచులు, తొట్లు ఏవైనా పనికివస్తాయి. అడుగున నీరు పోయే చిల్లులుండాలి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. బరువైన తొట్లు దూలాల మీదా గోడల వారా పెట్టండి, డాబా నడిమధ్యన కాదు.

మడి కట్టే విధం

నేల జానెడు లోతు తవ్వి నాలుగు రోజులు ఎండనివ్వండి. మడికి రెండు తట్టల చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ వద్దు. అది చెదను పిలుస్తుంది, మొక్కను మాడుస్తుంది. ఎండిన చిక్కుడు పాదును వేళ్ళతో పెరక్కండి. మొదలుకు కోసి వేళ్ళను నేలలోనే ఉంచండి. వాటి బుడిపెలలో దాగిన నత్రజని తరవాతి పంటకు ఉచిత ఎరువు.

వానాకాలంలో మడి ఎత్తుగా ఉండాలి, వేసవిలో నేల మట్టానికి కొంచెం పల్లంగా ఉండాలి. అప్పుడే పోసిన నీరు నిలుస్తుంది. మొలక జానెడు ఎదిగాక మొదళ్ళలో ఎండుగడ్డి గానీ రాలిన ఆకులు గానీ పరిస్తే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. ఏప్రిల్ ఎండలలో మధ్యాహ్నం పూట నాలుగు కర్రలు పాతి పాతచీర గానీ కొబ్బరాకులు గానీ నీడకు కట్టండి.

ఏమేమి వెయ్యాలి?

తోటకూరకు మొదటి పీట వెయ్యండి. విత్తనం ఇసుకలో కలిపి పలచగా చల్లి, పైన మన్ను పొరగా కప్పి, చిలకరింపుగా నీళ్ళు పోయండి. చీమలు గింజలు మోసుకుపోతుంటే కాస్త నూక చల్లితే వాటి దృష్టి అటు పోతుంది. 25 రోజులకు కోతకు వస్తుంది. పెరికెయ్యకుండా రెండు అంగుళాలు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

గోంగూర నెల రోజులకు అందుతుంది. చివర్లు తుంచుతూ ఉంటే పక్కకొమ్మలు వేస్తుంది.

బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు. బజారులో కొన్న బచ్చలిలో ముదురు కాడను జానెడు ముక్క కోసి, కణుపు నేలలో ఉండేలా గుచ్చి తడి ఆరకుండా చూస్తే వేరు పడుతుంది. పొన్నగంటికూర కూడా అంతే. నీళ్ళ కుళాయి పక్క తడినేల దానికి ఇష్టం. ఎండకు ఈ రెండూ బాగా తట్టుకుంటాయి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర మాత్రం ఎండ ముదిరితే పూతకు వచ్చేస్తాయి. నీడపట్టున ఫాల్గుణంలోనే ముగించుకోండి.

ఒక మూల మునగకొమ్మ పాతండి. బజారులో మునక్కాడలు కొంటాం కాని మునగాకు అడిగేవాళ్ళు తక్కువ. మునగాకు ఆషాఢమాసంలోనే తినాలన్న నియమం వైద్యశాస్త్రంలో లేదు. లేత ఆకు దొరికిన ప్రతిసారీ తినవచ్చు.

కూరగాయల్లో బెండ ఈ కాలానికి తగినది. గింజలు రాత్రంతా నానబెట్టి, మూరకొక గుంట చొప్పున రెండేసి గింజలు వెయ్యండి. 45 రోజులకు కాపు మొదలవుతుంది. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతాయి. బీర, సొర, కాకర, పొట్ల పందిరికి ఎక్కించండి. దోస నేల మీదే పాకుతుంది. పూత బాగా ఉండి పిందె నిలవకపోతే కంగారుపడకండి. ఈ పాదులకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుంది. తేనెటీగలు తక్కువగా ఉంటే మగపువ్వును కోసి, దాని పుప్పొడి ఆడపువ్వు మధ్యన మెల్లగా రుద్దండి. బీర, సొర సాయంత్రం పూస్తాయి, దోస పొద్దున పూస్తుంది. ఆ వేళకే ఈ పని చెయ్యాలి. టమాటా మాత్రం ఎండ 35 డిగ్రీలు దాటాక పూత రాల్చేస్తుంది. దానితో పోరాడకండి.

పురుగు వస్తే?

వేసవి బెండకు తెల్లదోమ వల్ల ఆకులు పసుపుపచ్చ ఈనెలు తేలి ముడుచుకుపోతాయి. ఆ మొక్కను వెంటనే పీకి దూరంగా పారెయ్యాలి. పసుపు రంగు వేసిన రేకు ముక్కకు ఆముదం రాసి మడిలో నిలబెడితే దోమలు అతుక్కుంటాయి. మిగతా పురుగులకు 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. ఆ తరవాత మూడు నాలుగు రోజులు ఆగి, బాగా కడిగి వాడుకోండి.

పొలానికి తెచ్చిన పురుగుమందు సీసా పెరటి మడికి తీసుకురాకండి. ప్రభుత్వాస్పత్రిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తూ నేను చూసిన దుఃఖాలలో ఇది పెద్దది. మిగిలిన మందును చల్లపానీయం సీసాలో పోసి గూట్లో పెడతారు. పిల్లవాడు దాహమని తాగుతాడు. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పొరపాటున ఎవరి కడుపులోకైనా పురుగుమందు పోతే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడానికి ప్రయత్నిస్తూ కాలయాపన చెయ్యకండి. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, ఆ సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

చెప్పులు లేకుండా మడిలోకి వద్దు

రక్తం కోసం వేసిన మడి రక్తం తాగే పురుగును తెచ్చిపెట్టకూడదు. మలంతో కలుషితమైన తడిమట్టిలో కొంకి పురుగుల పిల్లలుంటాయి. వట్టి కాళ్ళతో నడిస్తే అరికాలి చర్మం గుండా లోపలికి దూరి, పేగులకు చేరి, అక్కడ కరుచుకుని రక్తం పీలుస్తాయి. ఎంత తిన్నా, ఎన్ని టానిక్కులు తాగినా రక్తం పట్టనివాళ్ళలో కొందరికి కారణం ఇదే. కాబట్టి చెప్పులు తప్పనిసరి. పని అయ్యాక చేతులు, గోళ్ళు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలకు నులిపురుగుల మాత్రలు 2015 నుంచి బడులలో, అంగన్‌వాడీలలో ఉచితంగా ఇస్తున్నారు. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి.

మురుగుకాలువ నీరు, మరుగుదొడ్డి నీరు ఆకుకూరలకు పెట్టకండి. నులిపురుగులు, టైఫాయిడు, విరోచనాలు అలాగే ఇంట్లోకి వస్తాయి. స్నానాల నీరు అరటికి, కొబ్బరికి మళ్ళించండి. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరు మడికి పోయవచ్చు. తొట్ల కింద పళ్ళేలలో నిలిచిన నీటిని వారానికొకసారి తప్పక పారబోసి తుడవండి. డెంగ్యూ తెచ్చే దోమకు ఆ కాస్త నీరు చాలు.

పని పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు దాటాక చేసుకోండి. కట్టెలు, ఇటుకలు మడి పక్కన కుప్ప పెట్టకండి, పాములకూ తేళ్ళకూ అవి ఇళ్ళు. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యండి. విరుగుడు మందు ఆస్పత్రిలోనే ఉంటుంది. పార గానీ తుప్పు మేకు గానీ గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ఆ రోజే వెళ్ళి ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగండి.

పొయ్యి దగ్గర

ఆకులోని ఇనుమంతా ఒంటికి పట్టదు. పదోవంతు పట్టడం కూడా కష్టమే. దాన్ని పెంచుకునే ఉపాయం మీ వంటింట్లోనే ఉంది. విటమిన్ సి తోడైతే ఇనుము బాగా పడుతుంది. పప్పుకూర పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండండి. భోజనం తరవాత జామకాయ ముక్క తినండి. ఇనుప మూకుట్లో పులుపు వేసి వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. తాలింపులో రెండు చెంచాల నూనె ఉండాలి. నూనె లేకపోతే కెరొటిన్ ఒంటికి అందదు.

కడిగి తరగండి, తరిగి కడగకండి. ఉడికించిన నీరు పారబొయ్యకండి, ఫోలిక్ యాసిడ్, విటమిన్ సి అందులోకే పోతాయి. మూత పెట్టి కొద్దిసేపు మాత్రమే ఉడికించండి. భోజనానికి గంట ముందూ గంట తరవాతా కాఫీ, టీలు తాగకండి. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

మాత్ర చేసే పని, మడి చేసే పని

ఒక గుమాస్తాగారి ఇల్లాలు, వయసు ముప్ఫై రెండు, ఆయాసంతో మా ఆస్పత్రికి వచ్చింది. నెలనెలా టానిక్కు సీసాలు కొంటున్నారు. హిమోగ్లోబిన్ చూస్తే 7.4 గ్రాములు. అడగగా తెలిసింది: బహిష్టులో అధిక రక్తస్రావం, ఇచ్చిన ఇనుము మాత్రను పొద్దున కాఫీతో మింగడం, అందరికీ వడ్డించాక మిగిలిన పచ్చడి మెతుకులే తన భోజనం. పెరట్లో మాత్రం పొన్నగంటికూర కలుపుమొక్కలా పెరిగి, ఏరి పారేస్తున్నారు! రక్తస్రావానికి వైద్యం చేశాం. పురుగుల మందు ఇచ్చాం. మాత్రను కాఫీతో కాక నిమ్మరసం నీళ్ళతో వేసుకోమన్నాం. మూడు నెలలకు 11 దాటింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమెకు రక్తం పెంచింది మాత్ర. పొన్నగంటికూర కాదు. హిమోగ్లోబిన్ 7కో 8కో దిగిపోయాక ఆకుకూరతో సరిపెట్టుకుందామనుకోవడం ప్రమాదం. కాని మాత్ర ఆపేశాక మళ్ళీ దిగిపోకుండా కాపు కాసేది రోజూ కంచంలో పడే ఆకే. అదీ ఇంటి ఇల్లాలి కంచంలో ఆఖరున మిగిలిన గరిటెడు కాదు, అందరితో సమానంగా.

కొన్ని సందేహాలు

*బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కదా, రక్తం పడుతుందా?*
రంగును బట్టి రక్తం పట్టదు. దానిలో ఇనుము తోటకూరలో ఉన్నంత లేదు. ఇష్టమైతే తినండి, మందని మాత్రం తినకండి.

*బాలింతకు ఆకుకూర పెడితే బిడ్డకు విరోచనాలు అవుతాయంటారు?*
కావు. కాన్పులో రక్తం పోయిన తల్లికి కారప్పొడి, నెయ్యి అన్నంతో పథ్యం పెట్టి ఆకుకూర మాన్పించడం అన్యాయం. ఆరు నెలలు నిండిన బిడ్డకు కూడా మెత్తగా ఉడికించిన పప్పుకూర పెట్టవచ్చు.

*రాత్రిపూట ఆకుకూర తినకూడదా?*
దీపపు వెలుతురులో పురుగు కనపడదని పూర్వులు వద్దన్నారేమో. శుభ్రంగా ఏరి వండినది ఏ పూటైనా తినవచ్చు.

*ఎవరైనా తగ్గించాలా?*
మూత్రపిండాలలో రాళ్ళున్నవారు పాలకూర, తోటకూర, గోంగూర మితంగా తినాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడుతున్నవారు తమ డాక్టరును అడిగి ఎంత తినాలో తెలుసుకోవాలి.

*ఇనుము మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తోంది, ఆపేయమంటారా?*
ఆపవద్దు. అది మామూలే. కడుపులో తిప్పితే భోజనం తరవాత వేసుకోండి. కాల్షియం మాత్రతో కలిపి మాత్రం వేసుకోకండి. గర్భిణులకు 180 మాత్రలు ప్రభుత్వాస్పత్రులలో ఉచితంగా ఇస్తారు, ఒక్కటి కూడా మానకండి.

ఈ ఆదివారం మొదటి మడి తవ్వండి. ఆ వారంలోనే ఇంట్లో ఆడవాళ్ళందరికీ దగ్గరలోని ప్రభుత్వాస్పత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, ఆ అంకెను కాలెండరు మీద విత్తనం వేసిన తేదీ పక్కనే రాసిపెట్టుకోండి. తక్కువైతే డాక్టరు చెప్పిన మాత్రలు మొదలుపెట్టండి. మూడు నెలలకు, అంటే మూడో మడి కోతలు కూడా అయ్యాక, మళ్ళీ పరీక్ష చేయించి రెండో అంకె దాని కింద రాయండి. అప్పటికీ పెరగకపోతే ఆలస్యం చెయ్యకుండా వచ్చి చూపించుకోండి. కారణం ఇంకెక్కడో ఉంటుంది, వెతికి పట్టుకోవలసిన బాధ్యత మాది.